నార్వేలో క్లైంబింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు వాన చూడండి, తర్వాత దిగే దారి

మీరు అడిగింది ఇదీ: ఊరు హైదరాబాద్, ఉద్యోగం మీద రెండేళ్లు ఓస్లోలో ఉంటారు. భువనగిరి బండ మీద బేసిక్ కోర్సు చేశారు. ఇండోర్ గోడ మీద ఫ్రెంచ్ గ్రేడులో (రూట్ ఎంత కష్టమో చెప్పే లెక్క) 6బి వరకు లీడ్ చేస్తారు, అంటే తాడును కింది నుంచి మీరే క్లిప్ చేసుకుంటూ ముందు ఎక్కుతారు. మంచు మీద ఎప్పుడూ నడవలేదు. నార్వేలో ఏయే ప్రాంతాలకు వెళ్లవచ్చు, ఉత్తరాన ఉన్న లోఫోటెన్ దీవులు, ట్రోల్‌వెగ్గెన్ అనే పెద్ద గోడ లాంటివి ఈ రెండేళ్లలో అందుతాయా?

సూటిగా చెప్తాను. లోఫోటెన్ అందుతుంది, మొదటి వేసవి చివర్లోనే. యోటున్‌హైమెన్ పర్వతాల్లోని స్టూరెన్ శిఖరం కూడా మంచి తోడు ఉంటే అందుతుంది. స్టెటిండ్ అనే కొండని రెండో వేసవికి పెట్టుకోండి. ట్రోల్‌వెగ్గెన్ వద్దు, ఎందుకో దాని దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను. అన్నిటికన్నా ముందు ఒక మాట. ఇక్కడ కొండను పేరు చూసి ఎంచుకోకండి. ఆ వారం వాన ఎటు పడుతోందో చూడండి, తర్వాత ఆ కొండ దిగే దారి ఎలా ఉందో చూడండి. ఈ రెండిటికీ సరిపడిందే ఆ వారానికి మీ కొండ. పదమూడేళ్లుగా ఇక్కడ ఎక్కుతున్నాను. నేను పడ్డ ఇబ్బందుల్లో చాలా వరకు ఈ రెండిట్లో ఒకదాన్ని పట్టించుకోకపోవడం వల్ల వచ్చినవే. ఎక్కడం చేతకాక వచ్చినవి చాలా తక్కువ.

మనదేశం నుంచి వచ్చినవాళ్లు మొదట చేసే పొరపాటు ఎత్తు చూసి తేలిగ్గా తీసుకోవడం. నార్వేలో అన్నిటికన్నా ఎత్తయిన గాల్‌హోపిగ్గెన్ 2,469 మీటర్లే. హిమాలయాల్లో ఆ ఎత్తులో ఊళ్లు, బజార్లు ఉంటాయి. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ ఇక్కడ చాలా కొండలు సముద్రపు ఒడ్డు నుంచే నిలువుగా లేస్తాయి. వెయ్యి మీటర్ల కొండ అంటే వెయ్యి మీటర్లూ మీ కాళ్లతోనే ఎక్కాలి. పైగా మనం ఉత్తరాన చాలా దూరం వచ్చేశాం. చెట్లు తొందరగా ఆగిపోతాయి, జూలైలో కూడా నీడ ఉన్న కొండ చీలికల్లో మంచు గట్టిగానే ఉంటుంది, మధ్యాహ్నం ఎండ కాసిన చోటే సాయంత్రం వేళ్లు కొంకర్లు పోతాయి. ఊపిరి మాత్రం ఆడుతుంది. అందుకే శరీరం బాగానే ఉందని ధైర్యం వచ్చేస్తుంది, ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

వాన సంగతి. పశ్చిమ తీరంలో బెర్గెన్‌లో ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైగా వర్షం పడుతుంది. అదే దేశంలో కొండల అవతల, యోటున్‌హైమెన్‌కు దగ్గర్లోనే ఉన్న షోక్ లోయలో 300 మిల్లీమీటర్లు కూడా పడదు. హైదరాబాద్‌లో ఏడాదికి 800 పడుతుందనుకుంటే, ఒకటి మనకన్నా రెండున్నర రెట్లు తడి, ఇంకొకటి మనలో సగం కూడా లేదు. అట్లాంటిక్ మీద నుంచి వచ్చిన మబ్బులు పశ్చిమాన కొండలకు కొట్టుకుని అక్కడే ఖాళీ అయిపోతాయి. తూర్పున మిగిలేది గాలి. కాబట్టి గురువారం సాయంత్రం యార్ వాతావరణ యాప్ తెరవండి. చేతిలో ఎప్పుడూ మూడు ప్లాన్లు ఉంచుకోండి: ఒకటి తూర్పున, ఒకటి పశ్చిమాన, ఒకటి ఉత్తరాన. విమానం టికెట్ ముందే కొన్నాం కదా అని వానలో లోఫోటెన్ వెళ్లి, ఐదు రోజులూ టెంటులో కూర్చుని వచ్చిన తెలుగువాళ్లను చూశాను. ఆ వారమంతా ఓస్లో దగ్గర బండలు పొడిగా ఉన్నాయి.

గ్రేడ్ల గురించి ఒక హెచ్చరిక. నార్వే గ్రేడ్లు వేరు. ఇక్కడి 6 దాదాపు ఫ్రెంచ్ 6ఎ కింద లెక్క. పైకి వెళ్లేకొద్దీ తేడా పెరుగుతుంది, ఇక్కడి 8 అంటే ఫ్రెంచ్‌లో 7ఎ దాటిపోతుంది. అంతకన్నా ముఖ్యమైన తేడా ఇంకోటి ఉంది. పెద్ద గోడల మీద ఎక్కువ చోట్ల రాయిలో ముందే బిగించిన బోల్టులు ఉండవు. క్యామ్‌లు, నట్లు (పగులులో ఇరుక్కుని తాడును పట్టే లోహపు ముక్కలు) మీరే పగుళ్లలో బిగించుకుంటూ వెళ్లాలి, వెనకాల వచ్చేవారు వాటిని తీసుకుంటూ రావాలి. రాయిని ఉన్నది ఉన్నట్టు వదిలిపెట్టడం ఇక్కడి క్లైంబర్లకు పట్టింపు, నాకూ అది నచ్చింది. అంటే ఇండోర్‌లో 6బి లీడ్ చేసే మీరు ఇక్కడ ట్రాడ్, అంటే ఇలా బోల్టులు లేకుండా ఎక్కడం, మొదలుపెట్టాల్సింది నార్వే 4 దగ్గర. దీనికి చిన్నబుచ్చుకోకండి. చేతి బలం మీకు ఉంది. ఏ పగులుకు ఏ ముక్క పడుతుందో చూడగానే చెప్పే కన్ను ఇంకా రాలేదు. అది రావడానికి ఒక వేసవి పడుతుంది.

ఇండోర్ జిమ్‌లో తాడు కట్టుకోవాలన్నా బ్రాట్‌కోర్ట్ అనే కార్డు అడుగుతారు. తాడు పైనుంచి వేలాడే టాప్ రోప్‌కు ఆకుపచ్చ, లీడ్‌కు ఎరుపు. మీరు బిలే (ఎక్కే మనిషి తాడును కింద నుంచి పట్టడం) ఎలా ఇస్తున్నారో, ముడి ఎలా సరిచూసుకుంటున్నారో పరీక్ష పెట్టి ఇస్తారు. దిగిన వారంలోనే తీసుకోండి. ఎరుపు కార్డు ఉన్న మనిషికి తోడు దొరకడం సులువు. ఏదైనా క్లైంబింగ్ క్లబ్‌లో చేరండి కూడా. ఇక్కడ పరిచయాలు ఆఫీసులో కన్నా తాడు చివర త్వరగా అవుతాయి.

మొదటి చోటు కోల్సోస్. ఓస్లో మెట్రో 3వ లైన్‌లో చివరి స్టేషన్, అక్కడి నుంచి అడవి దారిలో నడక. నార్వేలో క్లైంబింగ్ పెరిగింది ఇలాంటి గోడల మీదే. ఆ రాయిని ఒకసారి దగ్గర నుంచి చూడండి. ఎర్రగోధుమ రంగు బండలో లేత రంగు స్ఫటికాలు, వక్కపలుకులు చల్లినట్టు, ఒక్కొక్కటి పడవ ఆకారంలో పొదిగి ఉంటాయి. ఇది పాత లావా, రాంబ్ పోర్ఫిరీ అంటారు. ఓస్లో చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో చాలా తక్కువ చోట్ల దొరుకుతుంది. ఆ పలుకుల అంచులు వేళ్లకు తగులుతూ ఉంటాయి. దశాబ్దాలుగా ఎక్కుతున్న రూట్లలో మాత్రం కాలు పెట్టే చోట్లు అరిగి, గుడి మెట్లలా నున్నగా అయ్యాయి. అందుకే కోల్సోస్‌లో 5 అన్నది మీకు 6లా అనిపిస్తే కంగారు పడకండి. వసంతంలో గద్దలు గూళ్లు పెట్టే గోడలు కొన్నిటి మీద నిషేధం ఉంటుంది. వెళ్లేముందు క్లబ్ సైట్‌లో చూసుకోండి, బోర్డు కనిపిస్తే పక్క గోడకు వెళ్లండి.

కోల్సోస్‌లో ఒక నెల తిరిగాక తెలెమార్క్‌లోని హేగెఫియెల్‌కు వెళ్లండి. కారులో మూడు గంటలు. అక్కడ దిగగానే మీకు భువనగిరి గుర్తొస్తుంది. అదే బోడగుండు ఆకారం, అదే గ్రానైట్, పట్టుకోవడానికి ఏమీ లేక బూటు రబ్బరును నమ్మి నిలబడే అదే విద్య. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014లో ఎవరెస్ట్ ఎక్కే ముందు తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి బండ మీదే. అక్కడ నేర్చుకున్నది మీకు హేగెఫియెల్‌లో అక్షరాలా పనికొస్తుంది. నార్వేజియన్ తోటివాళ్లు పగుళ్లలో హాయిగా ఎక్కేసి, స్లాబ్, అంటే నున్నటి వాలు బండ, రాగానే గింజుకుంటుంటే మీరు మడమ కిందికి దించి నడిచిపోతారు. మోట్ సోలా, అంటే ‘సూర్యుడి వైపు’, అని ఒక పొడవాటి రూట్ ఉంది. తొలి మల్టీ-పిచ్‌కు (ఒక్కో తాడు పొడవు, అంటే పిచ్, చొప్పున చాలా పిచ్‌లు ఎక్కే రూట్) దానికన్నా మంచిది నాకు తెలీదు. పైగా దిగడానికి తాడు అక్కర్లేదు, వెనక నుంచి నడిచి రావచ్చు. దిగే దారి చూడమన్నది ఇందుకే.

ఒక్క జాగ్రత్త. ఆ బండ మీద నీళ్లు జారే చోట నల్లటి చారలు ఉంటాయి. అది నాచు. పొడిగా ఉన్నప్పుడు ఏమీ అనదు. చినుకు పడిన ఐదు నిమిషాల్లో సబ్బు అయిపోతుంది. మన దగ్గర బండ తడిస్తే అరగంట ఎండ కాస్తే ఆరిపోతుంది. ఇక్కడ ఎండకు ఆ వేడి లేదు, గాలి లేకపోతే సగం రోజు పడుతుంది. మబ్బు కనిపిస్తే పై పిచ్ మొదలుపెట్టకండి.

ఇక అసలు పర్వతాలు. యోటున్‌హైమెన్ ఓస్లో నుంచి వారాంతంలో వెళ్లి రాగల దూరమే. మంచు మీద ఎప్పుడూ నడవలేదన్నారు కాబట్టి మొదలు గాల్‌హోపిగ్గెన్. రెండు దారులు. స్పితెర్‌స్టూలెన్ నుంచి అయితే హిమానీనదం దాటక్కర్లేదు, కానీ దాదాపు 1,400 మీటర్లు ఎక్కాలి. యూవాస్‌హిట్టా నుంచి అయితే 1,841 మీటర్ల దగ్గరే మొదలవుతారు, కానీ స్టిగ్గెబ్రేన్ అనే హిమానీనదం దాటాలి. అక్కడ గైడు అందరినీ ఒకే తాడుకు కట్టి తీసుకెళ్తారు. మీరు ఈ రెండో దారి ఎంచుకోండి. శిఖరం కోసం కాదు, తాడు మీద నడక తెలియడం కోసం. పైన మంచు చదునుగా, రోడ్డులా కనిపిస్తుంది. గైడు ఒకచోట ఆగి, కర్రతో పొడిచి చూపిస్తాడు: పైన అరడుగు మంచు పొర, కింద నీలం రంగు చీకటి. నాకు ఒళ్లు జలదరించింది. దాని మీద నుంచి పది మంది అప్పటికే నడిచారు. ఆ తర్వాత ట్రెక్కింగ్ సంఘం, అంటే 1868 నుంచి ఉన్న డీఎన్‌టీ, నడిపే హిమానీనదం కోర్సు ఒకటి చేయండి. పగులులో పడ్డ మనిషిని పైకి లాగడం యూట్యూబ్ చూసి నేర్చుకునేది కాదు.

స్టూరెన్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, నాకు ఇష్టమైన కొండ అది. పూర్తి పేరు స్టూరె స్కాగాస్టోల్స్‌టిండ్, 2,405 మీటర్లు, ఎత్తులో దేశంలో మూడోది. హుర్రుంగానె అనే ముళ్ల కిరీటం లాంటి శ్రేణిలో ఉంది. 1876 జూలై 21న విలియం సెసిల్ స్లింగ్స్‌బీ అనే ఇంగ్లిష్ మనిషి ఎక్కాడు. వెంట వచ్చిన ఇద్దరు నార్వేజియన్లు, ఎమ్మానుయెల్ మోన్, క్నుట్ లిక్కె, శిఖరం కింద ఆగిపోతే చివరి గోడ ఒంటరిగా ఎక్కాడు. ఆ రోజుల్లో అది ఎక్కరానిదని అందరూ నమ్మేవారు. 1894లో తెరేసె బెర్టో అనే నార్వే మహిళ ఎక్కింది. ఆ రాయి గాబ్రో, గరుకుగా చేతికి అతుక్కునే రకం. కష్టం కూడా పెద్దగా లేదు, సులువైన రూట్లలో కీలకమైన చోట్లు 3, 4 గ్రేడులోనే ఉంటాయి.

అయినా నేను జీవితంలో ఎక్కువ భయపడింది అక్కడే. మూడో ఏడు, ఆగస్టు. టుర్టాగ్రో నుంచి ఉదయం ఐదింటికి బయల్దేరాల్సింది, ఎనిమిదికి బయల్దేరాం. లోయ పొడవునా నడిచి బాండెట్ అనే కనుమ దగ్గర చిన్న రాతి గుడిసె చేరేసరికి పన్నెండున్నర. ఆకాశం నిర్మలంగా ఉంది, వెనక్కి తిరగాలని ఇద్దరికీ తోచలేదు. శిఖరం మీద అడుగుపెట్టేసరికి సాయంత్రం ఐదున్నర. నా దగ్గర పులిహోర పొట్లం ఉంది, అది తిని పది నిమిషాల్లో దిగడం మొదలుపెట్టాం. రెండో ర్యాపెల్ (తాడు మీద జారుతూ దిగడం) దగ్గర నేను ముందు దిగాను, నా పార్ట్‌నర్ తర్వాత దిగింది. తాడు లాగాం. రెండు మీటర్లు వచ్చి ఆగిపోయింది. ఇద్దరం కలిసి వేలాడినా కదల్లేదు. రెండు తాళ్లు కలిపిన ముడి పైన ఎక్కడో పగులులోకి దూరి బిగుసుకుంది. అదే సమయానికి కింద లోయలో నుంచి పొగమంచు లేచి వచ్చింది. పదిహేను నిమిషాల క్రితం కనిపించిన గుడిసె మాయమైంది.

అదృష్టం ఏమిటంటే రెండు కొసలూ ఇంకా మా చేతిలోనే ఉన్నాయి. ఒక కొస పైకి వెళ్లిపోయి ఉంటే, అవతల తాడు దేనికి పట్టుకుందో తెలియని కొస మీద బరువు వేయడం ఆత్మహత్యే. రెండు తాళ్లకూ ప్రూసిక్ ముడులు (బరువు వేస్తే తాడును బిగించి పట్టేవి) వేసుకుని, పార్ట్‌నర్ కింద పట్టుకుంటే, అంగుళం అంగుళం పైకి వెళ్లాను. ముప్పై మీటర్లు ఎక్కి ముడి విడిపించి, దాన్ని అంచు కిందికి జరిపి మళ్లీ దిగేసరికి గంటకు పైగా పట్టింది. బాండెట్ చేరేసరికి చీకటి. టుర్టాగ్రో చేరింది తెల్లవారుజామున. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి రెండు అలవాట్లు చేసుకున్నాను. చివర దిగే మనిషి ముడిని తన చేత్తో అంచు దాటించాకే దిగాలి. కిందున్న మనిషి ఒక మీటరు లాగి చూసి, కదులుతోందని అరిచి చెప్పాకే పైనున్నవాళ్లు తాడు మీద బరువు వేయాలి. దీనికి పట్టేది అర నిమిషం. ఇంకొకటి, తిరుగు సమయం ఇంట్లోనే రాసి పెట్టుకుంటాను. ఒంటిగంట అనుకుంటే ఒంటిగంటే, శిఖరం చేయి చాపితే అందేలా ఉన్నా సరే.

ఇక్కడ కొండ నియమాలు అని తొమ్మిది ఉన్నాయి, బడి పిల్లలకూ వచ్చు. ఎనిమిదోది: సమయానికి వెనక్కి తిరుగు, తిరగడంలో సిగ్గు లేదు. నార్వేజియన్లు దీన్ని సామెతలా మాట్లాడతారు. గుడిసెలో ఎవరైనా “మేం తిరిగొచ్చేశాం” అంటే “మంచి పని చేశారు” అంటారు, అంతే. ఎందుకు, ఎంత దూరం నుంచి అని ఆరా తీయరు. మన దగ్గర అలా తిరిగొస్తే ఇంట్లో, స్నేహితుల్లో వంద ప్రశ్నలు. ఆ టెన్షన్ ఇక్కడికి మోసుకురాకండి.

రోమ్స్‌డాల్ లోయకు వద్దాం. ఓన్‌డాల్స్‌నెస్ అనే చిన్న ఊరికి దొంబోస్ నుంచి రైలు ఉంది, ఆ రైలు ప్రయాణం కోసమైనా వెళ్లాలి. రైలు కిటికీలోంచి ట్రోల్‌వెగ్గెన్ కనిపిస్తుంది. దాదాపు 1,100 మీటర్ల ఎత్తు, ఐరోపాలో అన్నిటికన్నా ఎత్తయిన నిలువు గోడగా చెప్తారు. పై భాగం ముందుకు వాలి ఉంటుంది. 1965 జూలైలో ఒక నార్వే జట్టు, ఒక బ్రిటిష్ జట్టు ఒకేసారి వేర్వేరు రూట్లలో ఎక్కాయి. నార్వే జట్టు ఒక్క రోజు ముందు పైకి చేరింది. మరి మీకు ఎందుకు వద్దంటున్నాను? రాయి నమ్మదగింది కాదు. 1998లో పెద్ద ముక్క విరిగిపడి కొన్ని రూట్లు మారిపోయాయి. అక్కడ ఎక్కేవాళ్లు పెద్ద గోడల మీద రోజుల తరబడి ఉండటం తెలిసినవాళ్లు, వాళ్లే ఆ గోడకు దూరంగా ఉంటున్నారు. ఆ లోయలో రాళ్లు పడటం మామూలు విషయం. అక్కడే వెస్లెమన్నెన్ అనే కొండ భాగం ఎన్నోసార్లు ఇళ్లు ఖాళీ చేయించి, చివరికి 2019 సెప్టెంబర్ 5న కూలింది.

అదే లోయలో మీకు పనికొచ్చేది రోమ్స్‌డాల్స్‌హోర్న్, 1,550 మీటర్లు. దాని కథ నాకు చాలా ఇష్టం. 1881లో కార్ల్ హాల్ అనే డెన్మార్క్ మనిషి ఇద్దరు స్థానికులతో కలిసి ఎక్కితే, పైన పేర్చిన రాళ్ల గుట్ట కనిపించింది. 1828లోనే ఆ లోయ రైతులు ఇద్దరు, క్రిస్టెన్ స్మెడ్, హన్స్ బియెర్మెలాండ్, ఎక్కి కట్టింది అది. తాడు లేదు, బూట్లు కూడా ఈనాటివి కావు. ఇదే కొండను ఆ ఊరి దర్జీ ఆర్నె రాండెర్స్ హెన్ 233 సార్లు ఎక్కాడు, చివరిసారి ఎనభై ఏళ్ల వయసులో. ఇక్కడ కూడా దిగేటప్పుడు ర్యాపెల్ ఉంది. స్టూరెన్ తర్వాత వెళ్లండి. వాన పట్టుకుంటే ఊళ్లో 2016లో తెరిచిన పర్వతారోహణ మ్యూజియం ఉంది, లోపల ఎత్తయిన ఇండోర్ గోడ కూడా ఉంది, రోజు వృథా కాదు.

లోఫోటెన్ మీరు అడిగిన అసలు సంగతి. ఆర్కిటిక్ వృత్తం దాటాక సముద్రంలోంచి లేచిన గ్రానైట్ జాతి కొండలు. మే చివరి నుంచి జూలై మధ్య వరకు సూర్యుడు అస్తమించడు. అర్ధరాత్రి పన్నెండింటికి ఎర్రటి ఎండలో గోడ మీద ఉండటం మాటల్లో చెప్పలేను. చీకటి లేదు కాబట్టి హెడ్‌లైట్ భయం లేదు. కానీ దీనికీ ఒక చిక్కు ఉంది. చీకటి పడదు కాబట్టి ఆపాలని ఎవరికీ తోచదు. ఇరవై గంటలు మెలకువగా ఉండి, దిగేటప్పుడు ముడి తప్పుగా వేసినవాళ్లు ఉన్నారు. గడియారం చూసి పడుకోండి.

హెన్నింగ్స్‌వార్ ఊరిని మకాంగా పెట్టుకోండి. రోడ్డు పక్కనే గోడలు. మొదటి రెండు రోజులు చిన్న రూట్లు, తర్వాత గాండాల్ఫ్ గోడ, చేతికి ధైర్యం వచ్చాక ప్రెస్టెన్ మీద వెస్ట్‌పిల్లారెన్. అది 400 మీటర్లకు పైబడిన రూట్, గ్రేడు 6. పగుళ్లలో చేతులు, కాళ్లు ఇరికించి ఎక్కే చోట్లు ఎక్కువ. చేతి వెనక చర్మం ఊడొస్తుంది, టేపు చుట్టుకోండి. మీ మొదటి వేసవిలో అది వద్దు, రెండో వేసవికి దాచుకోండి. స్వోల్వార్ ఊరి పైన స్వోల్వార్‌యైటా, అంటే మేక, అనే రాతి స్తంభం ఉంది. తల మీద రెండు కొమ్ములు. ఒక కొమ్ము మీద నుంచి రెండో దాని మీదికి దూకడం ఆనవాయితీ. సందు ఒకటిన్నర మీటర్లే. నేల మీద అయితే ఆలోచించకుండా దాటేస్తాం. అక్కడ కింద ఊరి శ్మశానం కనిపిస్తూ ఉంటుంది. నేను దూకాను. నా తోడు వచ్చినవారు దూకలేదు, ఆయన కొండ ఎక్కినట్టే లెక్క.

టెంట్ గురించి: నార్వేలో ప్రకృతిలో స్వేచ్ఛగా తిరిగే హక్కు చట్టంలోనే ఉంది, 1957 నుంచి. ఇళ్లకు 150 మీటర్ల దూరంలో రెండు రాత్రుల వరకు టెంట్ వేసుకోవచ్చు. కానీ లోఫోటెన్‌లో జనం పెరిగి, కొన్ని చోట్ల నిషేధించారు. బోర్డు చదవండి, మరుగుదొడ్డి ఉన్న చోటే మకాం వేయండి. రోడ్డు పక్క గోడల కింద కాగితాలు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

స్టెటిండ్ లోఫోటెన్‌కు తూర్పున, ప్రధాన భూభాగం మీద ఉంది. 2002లో దీన్ని జాతీయ పర్వతంగా ఎన్నుకున్నారు. 1,390 మీటర్ల పైచిలుకు, మొదలు మాత్రం సముద్రపు ఒడ్డు నుంచే. స్లింగ్స్‌బీ అంతటివాడు 1904లో దీని దగ్గర ఓడిపోయాడు. 1910లో ఫెర్డినాండ్ షెల్డెరుప్, ఆల్ఫ్ బ్రిన్, కార్ల్ విల్హెల్మ్ రుబెన్సన్ ఎక్కారు. స్వోల్వార్‌యైటా ఎక్కిందీ ఈ ముగ్గురే, అదే వేసవిలో. రుబెన్సన్‌కు మన దేశంతో సంబంధం ఉంది. 1907లో ఇంగ్వాల్డ్ మోన్రాడ్-ఓస్‌తో కలిసి సిక్కిం హిమాలయాల్లో కాబ్రూ ఎక్కబోయి, శిఖరం కొన్ని పదుల మీటర్ల దూరంలో ఉండగా చలిగాలికి వెనక్కి తిరిగాడు.

స్టెటిండ్ మామూలు రూట్‌లో గంటల తరబడి రాళ్ల దారి, తర్వాత కత్తి అంచు లాంటి గట్టు, ఆపైన మీసోస్టెన్. ఇక్కడి గోధుమరంగు జున్ను ముద్ద పేరు అది, రాయి కూడా ఆ ఆకారంలోనే ఉంటుంది. దాని పక్క నుంచి వేళ్లు మాత్రం పట్టే సన్నటి పగులు పట్టుకుని, కాళ్ల కింద ఏమీ లేకుండా కొద్ది మీటర్లు జరగాలి. పొడిగా ఉంటే మీ బలానికి అది లెక్కలోది కాదు. మొదటిసారి నేను వెళ్లినప్పుడు ఆ పగులులోంచి నీళ్లు కారుతున్నాయి. వేళ్లు పెట్టి చూశాను, చల్లగా, జిగటగా. నా పార్ట్‌నర్ ముఖం చూశాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోకుండా తాడు చుట్టాం. రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాం, ఆ రోజు అది పది నిమిషాల పని.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. త్రొండెలాగ్‌లోని ఫ్లాటాంగర్‌లో ఒక బ్రహ్మాండమైన గుహ ఉంది. 2017లో చెక్ క్లైంబర్ ఆడమ్ ఒండ్రా ‘సైలెన్స్’ అనే రూట్ ఎక్కింది అక్కడే, ప్రపంచంలో తొలి 9సి గ్రేడు. చూడటానికైనా వెళ్లండి, ఆ కప్పు కింద నిలబడితే మనిషి ఎలా వేలాడాడా అనిపిస్తుంది. ఇన్నెర్‌డాలెన్ లోయ ప్రశాంతంగా ఉంటుంది, అక్కడి శంకువు లాంటి టవర్‌కు సులువైన దారి కూడా ఉంది. ట్రామ్సో పక్కన బ్లోమన్ గోడ బాగా ఆరితేరినవాళ్లకు. లింగెన్ కొండలు ఏప్రిల్‌లో స్కీయింగ్ చేస్తూ ఎక్కేవి, మంచు చరియలు జారే ప్రమాదం అంచనా వేయడం నేర్చుకోకుండా అటు వెళ్లవద్దు. ఇక వారాంతం వాన అని ఉంటే, సరిహద్దు దాటి స్వీడన్ తీరంలోని బూహుస్లేన్ గ్రానైట్ చూడండి, చాలాసార్లు అక్కడ పొడిగా ఉంటుంది.

చలికాలంలో ఇంట్లో కూర్చోవద్దు. ర్యూకన్‌కు వెళ్లండి, ఓస్లో నుంచి మూడు గంటలు. ఇరుకైన లోయ, ఆరు నెలల పాటు ఊళ్లోకి నేరుగా ఎండ రాదు. 2013లో కొండ మీద అద్దాలు పెట్టి ఊరి మధ్యలోకి ఎండ పడేలా చేసుకున్నారు. ఊరివాళ్లకు కష్టమైన ఆ నీడే మంచు క్లైంబర్లకు వరం, గడ్డకట్టిన జలపాతాలు కరగకుండా నిలుస్తాయి. వందకు పైగా ఉన్నాయి, రోడ్డు నుంచి పది నిమిషాల నడకలో దొరికేవి కూడా. జనవరి, ఫిబ్రవరిలో వారాంతం కోర్సు తీసుకోండి. మంచు గొడ్డలి గట్టిగా కొట్టడం కాదు అసలు విద్య. దెబ్బ పడినప్పుడు శబ్దం వినడం. ‘ఠప్’మని మొద్దుగా వస్తే పట్టింది, గాజు పగిలినట్టు వస్తే పెంకు లేచిపోతుంది. చలికాలంలో ఏ కొండ దగ్గరికి వెళ్లినా వార్సోమ్ సైట్‌లో మంచు చరియల హెచ్చరిక చూడండి. 1 నుంచి 5 వరకు ఉంటుంది. 3 అంటే మధ్యలో ఉంది కదా అని ఊరుకోవద్దు, అది నిజంగా ప్రమాదమే.

సామాను విషయంలో ఒకటే మాట: ఒంటికి ఆనుకుని కాటన్ వద్దు, ఉన్ని వేసుకోండి, ఆగస్టులో కూడా. ప్రమాదం జరిగితే 113, పోలీసులకు 112. ఫోనులో హ్యెల్ప్ 113 యాప్ పెట్టుకుంటే మీరున్న చోటు వాళ్లకు కనిపిస్తుంది. ప్రధాన భూభాగంలో రెస్క్యూ హెలికాప్టర్‌కు మీ దగ్గర డబ్బు తీసుకోరు. బిల్లు భయంతో ఆలస్యం చేయకండి, ఇంకా మాట్లాడగలిగినప్పుడే ఫోన్ చేయండి.

మీరు ఏ నెలలో దిగుతారో రాయలేదు. అక్టోబర్ అయితే జిమ్, బ్రాట్‌కోర్ట్, ర్యూకన్ కోర్సు ఈ వరసలో పోండి. మే అయితే మొదటి శనివారమే కోల్సోస్ మెట్రో ఎక్కండి. హార్నెస్, బూట్లు మీవి తెచ్చుకోండి, తాడు, క్యామ్‌లు క్లబ్‌లో ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి. ఒక పూట కిందే నిలబడి, నట్లు పగుళ్లలో పెట్టి కాలితో తొక్కి చూడండి, ఏది నిలిచింది, ఏది ఊడొచ్చింది అని. ఆ తర్వాత ఏ రూట్ చేశారో ఇక్కడే రాయండి, హేగెఫియెల్‌కు ఎవరి తోడు దొరుకుతుందో నేను చూస్తాను.